సాగదీసిన జనవరి

ఈ పొద్దున పేపర్లో ఉపాధ్యాయుల బదిలీల వార్త వచ్చింది. బడి ఏడాది సగం గడిచాక, అర్ధ సంవత్సర పరీక్షలు కాగానే, ఇక్కడి వాళ్ళను అక్కడికీ అక్కడి వాళ్ళను ఇక్కడికీ మారుస్తారట. ఉద్యోగమంతా చాక్‌పీసు పట్టి గడిపినదాన్ని కాబట్టి ఇలాంటి వార్త కనబడితే ఇప్పటికీ చివరిదాకా చదవకుండా వదలను. ఏర్పేడు బడిలో ఉన్నప్పుడు నన్ను కూడా ఒకసారి ఇలాగే ఏడాది మధ్యలో లేపి వేరే మండలంలో పడేశారు. సగం చెప్పిన భిన్నాల పాఠం అక్కడే ఉండిపోయింది. కానీ ఈ రోజు నాకు గుర్తొచ్చింది ఆ బదిలీ కాదు, మా తమ్ముడు చేసిన బదిలీలు. పశువుల దళారీగా బతికినవాడు, జన్మలో బంతిని కాలితో తన్నినవాడు కాదు. అలాంటివాడు కంప్యూటర్ ముందు కూర్చుని ఒక ఫుట్‌బాల్ జట్టును నడిపి, ఆటగాళ్ళను ఊళ్ళకు సాగనంపాడు. చెబితే మా వీధిలో ఎవరూ నమ్మరు. పేపరు మడిచి పక్కన పెట్టాను గానీ కాఫీ తాగబుద్ధి కాలేదు.

మాది పలమనేరు. మా నాయన పశువుల దళారి, ఆయన వెనకాలే తమ్ముడూ. ఐదో తరగతితో బడికి దండం పెట్టి సంతకు పోయాడు. చదువు నాకు వచ్చింది, నోరు వాడికి వచ్చింది. ఆవు గుణగణాలు వాడు వర్ణిస్తుంటే ఆ ఆవుకే సిగ్గేసేది. అయితే సంతలో ధర మాత్రం నోటితో చెప్పరు. కొనేవాడూ దళారీ చేతులు కలిపి, పైన తువ్వాల కప్పుకుని, లోపల ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని బేరమాడతారు. చుట్టూ ఊరంతా నిలబడినా బేరం ఎంతలో నడుస్తోందో ఆ ఇద్దరికే తెలుస్తుంది. ఒప్పుకుంటే అరచెయ్యి గట్టిగా నొక్కుతారు. నొక్కాక ఇక వెనక్కి పోవడం లేదు, ఆవు ఇల్లు చేరకముందే చచ్చినా మాట మాటే. అట్లా నొక్కి మాట తప్పినవాడితో మళ్ళీ ఎవరూ చెయ్యి కలపరు. ఆడవాళ్ళకు ఆ సంతలో పని లేదు. కానీ చిన్నప్పుడు మేమిద్దరం దుప్పటి కింద చేతులు పెట్టి చింతగింజలకు బేరాలాడుకునేవాళ్ళం, కాబట్టి ఆ వేళ్ళ లెక్క నాకూ తెలుసు.

వాడి నోటికే వచ్చింది జబ్బు. లేచింది మొదలు పడుకునే దాకా బుగ్గన వక్కాకు, పొగాకు. ఎక్కడో దూరాన ఉన్న ఆవు మూతి చూసి గాలికుంటు జబ్బు తగిలిందని పట్టేసే మనిషి, తన నోట్లో పుండును మాత్రం ఏడాది పాటు పచ్చిపాలు పుక్కిలించి మాన్పుకుందామని చూశాడు. చివరికి తిరుపతిలో ఆపరేషన్ చేసి నాలుక తీసేశారు, ఎడమ దవడ ఎముకలో కొంత తీసేశారు. ముక్కులోంచి పొట్టలోకి ఒక గొట్టం వేశారు. రాగి జావ, పాలు, మజ్జిగ, ఏదైనా అందులోంచే పోయాలి. మెలకువ వచ్చాక వాడు చేసిన మొదటి సైగ ఏమిటంటే, ఆ గొట్టాన్ని చూపించి, ముక్కుతాడు లాగినట్టు చెయ్యి ఆడించి, నాకూ వేసినారు సూడక్కా అన్నట్టు కళ్ళెగరేయడం. నర్సుకు ఏమీ అర్థం కాలేదు. నేను వరండాలోకి పోయి ఏడ్చుకుని వచ్చాను. గాయం మానాక రేడియేషన్ మొదలుపెడతామన్నారు, సెలవు రోజులు తప్ప ప్రతిరోజూ, వారాల తరబడి. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, "మధ్యలో మానేస్తే చేసినదంతా దండగమ్మా, ఎట్లయినా పూర్తి చేయించండి" అంది. మా మరదలు అప్పటికే సగమైపోయి ఉంది. పూర్తి చేయించే పని నా మెడకు పడింది.

మా ఆయన పోయాక తిరుపతిలో ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే. మధ్య గది మా అబ్బాయిది. నాయుడుపేటలో కంపెనీ ఉద్యోగం, ఆదివారాలు వచ్చి నిద్రపోయి పోతాడు. తమ్ముడినీ మరదలినీ ఆ గదిలో ఉంచాను. గాయం మానడం కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో ఒక ఆదివారం మా అబ్బాయి మామ పక్కన కూర్చుని తన కంప్యూటర్లో ఈ ఫుట్‌బాల్ ఆట పెట్టాడు. ఇందులో మనం బంతి తన్నేది ఉండదు. ఒక జట్టుకు మేనేజర్‌గా ఉంటాము. ఎవరిని ఆడించాలి, ఎవరిని కూర్చోబెట్టాలి, ఎవరిని కొనాలి, ఎవరిని అమ్మాలి, అదే పని. మ్యాచ్ దానంతట అది జరిగిపోతుంది, గట్టున నిలబడి చూడాలి. ఒక మూల తేదీ ఉంటుంది, దాని కింద మీట నొక్కితేనే రోజు మారుతుంది. ఊళ్ళన్నీ ఎక్కడో చలిదేశాలవి. తమ్ముడు మొదట మర్యాదకు చూశాడు. వరసగా ఆటగాళ్ళ ముఖాలు, పక్కన వయసు, ఆ పక్కన ధర కనబడేసరికి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఇది కూడా సంతేనని వాడికి అర్థమైపోయింది.

వాడికి ఇంగ్లీషు రాదు కాబట్టి చదివి చెప్పేదాన్నీ నొక్కేదాన్నీ నేనయ్యాను. ధర చెప్పాల్సి వచ్చినప్పుడు వాడు భుజం మీది తువ్వాల తీసి మా ఇద్దరి చేతుల మీద వేసి, కింద నా వేళ్ళు పట్టుకుని చెప్పేవాడు. గదిలో ఎవరూ లేరు కదరా, ఎవరికి తెలియకూడదని ఈ దాపరికం అంటే, కంప్యూటర్ వైపు చూపించి చెవి ముట్టుకున్నాడు. అవతలి జట్టువాళ్ళు వింటారట. ఆటగాడి పరుగుకు ఇన్ని మార్కులు, బంతి అందించడానికి ఇన్ని మార్కులు అని తెరనిండా అంకెలుంటాయి. వాటిని వాడు పట్టించుకునేవాడు కాదు. ముఖం దగ్గరికి వంగి, పశువుకు చూసినట్టే నుదుట సుడి ఎక్కడుందో వెతికేవాడు. సుడి బాగాలేని వాడిని ఎంత చవకగా వచ్చినా కొననివ్వలేదు. ఇట్లా ఏరిన జట్టు బాగా ఆడిందా అంటే, ఘోరంగా ఆడింది. చిల్లుపడిన కుండలోంచి నీళ్ళు పోయినట్టు మా మీద గోల్స్ పడేవి. వాడు ఓడిన ప్రతిసారీ తొడ చరుచుకుని, నాదే తప్పన్నట్టు నావైపు చూసేవాడు. నేను ఊరుకుంటానా, నువ్వు కొన్న ముఖాలే కదరా అని తిరిగి తిట్టేదాన్ని.

ఆ ఆటలో ఏడాదికి రెండుసార్లు అమ్మకాలూ కొనుగోళ్ళూ జరుగుతాయి. ఒకటి పోటీలు మొదలుకాకముందు, రెండోది పోటీలు సగం అయ్యాక, జనవరిలో. జనవరి ఆఖరితో తలుపులు మూసేస్తారు, ఆ తర్వాత ఎవరినీ అమ్మడానికి లేదు. మొదటి ఏడు జనవరిలో మా జట్టులోని మంచి ఆటగాళ్ళకు పెద్ద జట్ల నుంచి పిలుపులు వచ్చాయి. తమ్ముడు ఒక్కరిని కూడా ఇవ్వలేదు. రెండు చేతులతో పాలు పిండినట్టు సైగ చేసి, కాదని తల ఊపాడు. నాకు వెంటనే తెలిసింది. మాట ఉన్న రోజుల్లో సంతలో ఎంతమందితోనో అన్న మాటే అది: "పాలిచ్చే ఆవును నడిమిట్లో అమ్మరాదప్పా. కొన్నోడికీ అచ్చిరాదు, అమ్మినోడికీ అచ్చిరాదు." మా అబ్బాయి నెత్తి కొట్టుకున్నాడు. "మామా, వాడు పోతానంటా ఉంటే కట్టేసుకున్నావు. ఇంక ఆడతాడా వాడు?" అన్నాడు. అట్లాగే అయింది. కట్టేసుకున్నవాళ్ళంతా ముఖం మాడ్చుకుని కాళ్ళీడ్చారు, ఏడాది చివర మా జట్టు కింది తరగతికి దిగిపోయింది. తమ్ముడు మాత్రం తాను చేసింది సరైనదేనన్న ధీమాతో రెండో ఏడు మొదలుపెట్టాడు.

ఈలోగా రేడియేషన్ మొదలైంది. ముఖానికి అచ్చుపోసి జల్లెడలాంటి ప్లాస్టిక్ తొడుగు చేశారు. రోజూ బల్ల మీద పడుకోబెట్టి, దాన్ని ముఖానికి తొడిగి, నాలుగువైపులా బల్లకు బిగిస్తారు. తల వెంట్రుకవాసి కదలకూడదు. పొగరుబోతు కోడెల కొమ్ములు వంచినవాడు లోపలికి పోయేముందు నా చెయ్యి వదిలేవాడు కాదు. రెండు వారాలు గడిచేసరికి మెడ నల్లగా కమిలింది, తర్వాత తోలు లేచిపోయింది. నోట్లో జిగట ఊరి, మింగలేక, ఉమ్మలేక, బేసిన్ ముందు గంటలకొద్దీ వంగి ఉండేవాడు. వెంట్రుకలు అక్కడక్కడ రాలిపోతే మొత్తం గీయించేశాము. ఆ గుండు చూసి ఆటో అతను, "కొండకి పోయొచ్చినారా అన్నా? దర్శనం బాగా అయిందా?" అని అడిగాడు. తమ్ముడు భక్తిగా రెండు చేతులూ జోడించాడు. ఇంటికొచ్చాక అద్దంలో చూసుకుని, కొండ వైపు తిరిగి, మొక్కు తీరిందన్నట్టు ఇంకోసారి దండం పెట్టి, ఆ మధ్యాహ్నమంతా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సగం రేడియేషన్ సిట్టింగులు అయ్యేసరికి ఆటలో రెండో ఏడు జనవరి వచ్చింది. మళ్ళీ పిలుపులు వచ్చాయి. కాదంటాడు కదా అని నేను గబగబా తిరస్కరించబోతే నా మణికట్టు పట్టుకుని ఆపాడు. ఇచ్చెయ్యమన్నాడు. మొదట ముందువరుసలో ఆడే కుర్రాడిని, తర్వాత ఇద్దరు అన్నదమ్ములను, ఆ తర్వాత మొదటి ఏడు గొడవపడి మరీ అట్టే పెట్టుకున్న నడిమి ఆటగాడిని. అదీ ఎక్కువ ధర ఇచ్చిన జట్టుకు కాదు. ఆ జట్టు ఎట్లాంటిదో చదవమనేవాడు. వీడిని రోజూ ఆడిస్తారా, బెంచీ మీద కూర్చోబెడతారా, అక్కడ వీడి భాష మాట్లాడేవాళ్ళు ఉన్నారా, అన్నీ నాచేత వెతికించి, తక్కువ ఇచ్చినా మంచి చోటు అనిపిస్తే సరే అనేవాడు. నలుగురినీ కలిపి కొంటామని ఒక పెద్ద జట్టు అడిగితే వద్దన్నాడు. కొత్తవాళ్ళను ఒక్కరినీ కొననివ్వలేదు. జట్టు కరిగిపోతుంటే నేను విసుక్కున్నాను. ఆ విసుగులోనే చప్పున తట్టింది. మా నాయనకు మోకాళ్ళు పోయి పశువులను ఇక సాకలేడని తేలినప్పుడు కొట్టం ఖాళీ చేసింది వీడే. అన్నిటినీ ఒకే లారీ ఎక్కిస్తే ఒక్క రోజులో పని అయిపోయేది. అట్లా ఎక్కించినవి ఎక్కడికి పోతాయో దళారీకి తెలుసు. అందుకని ఇల్లిల్లూ తిరిగి, తొట్టిలో నీళ్ళు చూసి, ఆ ఇంటి ఆడమనిషి పశువును తాకే తీరు చూసి, ఒక్కొక్క ఆవును ఒక్కొక్క ఇంట కట్టేసి వచ్చాడు.

అదే సమయానికి మరదలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "వదినా, రేపట్నించి ఆసుపత్రికి రానంటా ఉండాడు. పొద్దున్నే బట్టలు సంచీలో పెట్టేసినాడు. ఊరికి పోదామంట. నువ్వే చెప్పల్ల" అని ఏడ్చింది. "ఏందిరా, కొట్టం ఖాళీ చేస్తా ఉండావా?" అని అరిచాను. వాడు తల వంచుకోలేదు, నా కళ్ళలోకే చూశాడు. పంతులమ్మ కేకలు వాడి దగ్గర చిన్నప్పటి నుంచీ పనిచేయవు. భయం, కోపం, ఏది ముందు వచ్చిందో తెలియదు, వాడి భుజం మీది తువ్వాల లాక్కుని మా చేతుల మీద వేశాను. మిగిలిన సిట్టింగులన్నీ రమ్మని ఐదు వేళ్ళూ కలిపి పట్టుకున్నాను. ఇంకొక్కటి చాలన్నట్టు వాడు చిటికెన వేలు ఒక్కటే పట్టుకున్నాడు. నేను మళ్ళీ ఐదూ పట్టుకున్నాను. వాడు విడిపించుకున్నాడు. చాలాసేపు అట్లా పెనుగులాడాము. చివరికి వాడు రెండో చేత్తో తెర మీద తేదీ చూపించి, అక్కడి నుంచి వేలిని కిందికి, జనవరి ఆఖరి దాకా గీశాడు. "ఆడ అమ్మకాలు మూసేదాకా ఆసుపత్రికొస్తావు. అంతేనా?" అని అడిగాను. అంతేనని తల ఊపాడు. నేను వాడి అరచెయ్యి నొక్కాను, వాడూ నొక్కాడు. మరదలికి ఏమీ అర్థం కాక మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసింది.

జనవరి ఆఖరికి ఆటలో ఇంకా కొన్నాళ్ళే ఉన్నాయి. మామూలుగా మేము ఆడే లెక్కన రెండు సాయంత్రాలకు అయిపోతుంది. ఆసుపత్రిలో మిగిలినవి అంతకు ఎన్నో రెట్లు. బేరం కుదిరేటప్పుడు ఎన్ని రోజుల్లో ఆడాలో ఎవరూ అనుకోలేదు, పైగా మీట నొక్కే వేలు నాది కాబట్టి, నొక్కడం మానేశాను. ప్రతి పిలుపునూ మొదటి నుంచి చివరిదాకా చదివాను. చదివింది తెలుగులో చెప్పాను, చెప్పింది మళ్ళీ వివరించాను. ఆ జట్టు మైదానం ఎక్కడుందో, ఆ ఊళ్ళో ఏం పండుతుందో, అడగని సంగతులు కూడా కల్పించి చెప్పాను. ధర కొంచెం పెంచి అడుగుదామన్నాను, వాళ్ళు పెంచితే తగ్గించుకుందామన్నాను. ఒక్కో సాయంత్రం తేదీ మారనే మారలేదు. సంతలో దళారీలు చేసేదీ ఇదే. టీ తెప్పిస్తారు, పళ్ళు మళ్ళీ చూస్తారు, పోయినట్టే పోయి తిరిగొస్తారు. వాడికి తెలియని విద్యా ఇది? మొదటి రోజే పట్టేశాడు. ముఖంలో కదలగలిగిన సగంతో నవ్వి, వెనక్కి వాలి కూర్చున్నాడు. నేను మాట తప్పడం లేదు, వాడూ తప్పలేడు. పొద్దున్నే మరదలు ఆటో పిలిస్తే మారుమాట లేకుండా పోయి ఎక్కేవాడు.

తర్వాత తర్వాత నవ్వు పోయింది. ఆఖరి సిట్టింగులప్పుడు నొప్పి మాత్రలు కూడా పనిచేయలేదు. మెడ మీద గుడ్డ ఆనితే ఓర్చుకోలేక చొక్కా విప్పేసి కూర్చునేవాడు, ఆ మందు వాసన, కాలిన తోలు వాసన గది విడిచి పోయేది కాదు. కొన్నిసార్లు తెర వైపు చూపించి, నొక్కు అక్కా అన్నట్టు నా చేతి మీద తట్టేవాడు. "ఉండు, ఈ గోల్‌కీపర్ సంగతి తేలనీ" అనేదాన్ని. ఆ గోల్‌కీపర్ ముసలివాడు, ఎవరూ అడగలేదు, వాడిని అమ్మే ఉద్దేశం తమ్ముడికి ఎన్నడూ లేదు. వయసైపోయిన ఎద్దును సంతకు తోలడం మా ఇంట్లో లేదు. తెలిసినా, ప్రతి సాయంత్రం వాడికోసం ప్రపంచంలోని జట్లన్నిటినీ వెతికినట్టు నటించాను. తమ్ముడు బేసిన్ ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆ నటన అయ్యేదాకా కూర్చునేవాడు. సిట్టింగులు పూర్తయ్యాయి. ఆసుపత్రివాళ్ళు ఆ ముఖం తొడుగును మా చేతికే ఇచ్చేశారు, మరదలు దాన్ని దారిలోనే చెత్తకుండీలో పడేసింది. ఆ సాయంత్రం మిగిలిన తేదీలను వరసగా నొక్కేశాను. జనవరి మూసుకుంది. తమ్ముడు లేచి, నా తల మీద చెయ్యి వేసి, పోయి పడుకున్నాడు. మర్నాడు పలమనేరు వెళ్ళిపోయారు.

నేను గెలిచాననుకున్నాను. డాక్టరమ్మ కూడా బాగుందనే అంది. మామిడికాయల లారీలు రోడ్ల పొడుగునా వరసకట్టే కాలానికి చెవి కింద మళ్ళీ గడ్డ కనబడింది. ఈసారి మందు ఎక్కిస్తామన్నారు, నమ్మకం చెప్పలేమన్నారు. మరదలు ఫోన్ చేసింది. "వదినా, నువ్వయితే ఇంటాడు. ఒక్కసారి రా" అంది. బస్సులో కూర్చున్నంతసేపూ ఏమని ఒప్పించాలో మాటలు పేర్చుకుంటూ పోయాను. పంచలో మంచం మీద ఉన్నాడు, పలమనేరు గాలి చల్లగా వస్తోంది, నన్ను చూసి సంతోషించాడు. పక్కన కూర్చుని వాడి చెయ్యి పట్టుకున్నాను. వెంటనే చెయ్యి వెనక్కి లాక్కుని తన తల కింద పెట్టుకున్నాడు. చిన్నపిల్లవాడిలా భయపడ్డాడు, నేను కళ్ళారా చూశాను. పేర్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి. "బేరానికి రాలేదురా. ఊరికే వచ్చినా" అన్నాను. కాసేపు నా ముఖం పరీక్షగా చూసి, నమ్మకం కుదిరాక, తల కింద నుంచి చెయ్యి తీసి మళ్ళీ నాకిచ్చాడు. వానలు పడకముందే పోయాడు.

కాలం ఎవరికోసమూ ఆగదని క్లాసులో పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. తర్వాత నేనే ఆపాను, ఒక గదిలో, కొన్ని వారాలు. ఆపినంతకాలం మా తమ్ముడు నా పక్కన ఉన్నాడు, వాడి నొప్పీ ఉంది. వాడిని ఉంచుకుని నొప్పిని మాత్రం దాటించే విద్య నాకు రాలేదు, అందుకే ఆ రోజుల్ని బతికించిన రోజులనాలో బాధపెట్టిన రోజులనాలో ఇప్పటికీ తేల్చుకోలేకుండా ఉన్నాను.